తుడిచేసిన దగ్గు

టేపుల డాక్టరు గారికి,

నమస్కారం. మీ షాపు కరపత్రం చూశాను. పాత వీడియో క్యాసెట్లు ఇస్తే కంప్యూటర్లో చూసుకునేలా మార్చి ఇస్తారనీ, అందరూ మిమ్మల్ని టేపుల డాక్టరు అంటారనీ అందులో మీరే రాసుకున్నారు. కాబట్టి నేనూ అలాగే పిలుస్తున్నాను.

ఈ పార్సిల్లో తొమ్మిది క్యాసెట్లున్నాయి. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి దానికి పదేళ్లు వచ్చేదాకా తీసినవి. ఇన్నేళ్లూ బీరువా పై అరలో, చలి దుప్పట్ల వెనకాల ఉన్నాయి. మొన్న మా పాత ప్లేయర్లో ఒకటి పెట్టి చూద్దామనుకున్నాను. పెట్టగానే అది కరకరా నమలడం మొదలుపెట్టింది. వెంటనే ప్లగ్గు పీకేశాను.

నాది ఒక్కటే మనవి. వాటిలో మావారు ఉన్నారు. ఆయన్ని జాగ్రత్తగా బయటికి తియ్యండి. బొమ్మ మసకగా ఉన్నా, రంగులు వెలిసిపోయినా నాకు పట్టింపు లేదు. నాలుగేళ్లుగా ఆయన మాట వినపడక ఇల్లు బోసిపోయింది.

ఏదైనా చెప్పాలంటే ఉత్తరం రాయండి, ఫోన్ చెయ్యకండి. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేశాను. ఈ జన్మకి సరిపడా హలోలు అనేశాను.

ఇట్లు,
తొమ్మిది క్యాసెట్ల ఆవిడ

తా.క.: మూడో క్యాసెట్టు మీద ‘పాప మొదటి అడుగులు’ అని రాసి ఉంటుంది. నాలుగో అడుగు దగ్గర స్వెట్టరు అల్లడం నేర్పే టీవీ కార్యక్రమం మొదలవుతుంది. అది నా చలవే. ఆ సంగతి దయచేసి ఆయన దగ్గర ఎత్తకండి.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ ఉత్తరం చదివి మనసు బరువెక్కింది. అయ్యగారి మాట లేని లోటు తీర్చడం ఎవరి తరమూ కాదు. నా చేతనైనంత నేను చేశాను.

తొమ్మిదింటిలో ఏడింటికి బూజు పట్టింది. ఒక్కో క్యాసెట్టూ మరలు విప్పి, రీళ్లు బయటికి తీసి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త డబ్బాల్లో వేసి ఎక్కించాను. పదకొండు రోజులు పట్టింది. దీనితో పంపిన పెన్ డ్రైవులో అన్నీ ఉన్నాయి. పనికిరాని ముక్కలన్నీ కత్తిరించేశాను. కెమెరా నేలమీద పెట్టి మరిచిపోయినవి, లెన్సుకి వేలు అడ్డం పెట్టినవి అన్నీ తీసేశాను. ఒకావిడ మాటిమాటికీ కెమెరాకి అడ్డం వచ్చేస్తున్నారు. ఆవిడ ముక్కలు కూడా ఒక్కటి వదలకుండా తీసేశాను. ఇప్పుడు చూస్తే పాప ఒక్కతే అద్దంలో పెట్టినట్టుంటుంది.

అయ్యగార్ని వెతకడానికి కొంచెం కష్టపడ్డాను. అన్ని క్యాసెట్లూ కలిపి మగవాళ్లు ముగ్గురే కనిపించారు. అందులో గుబురు మీసాలాయన రెండో పుట్టినరోజు క్యాసెట్టులో చాలాసేపు ఉన్నారు. కేకు తింటున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత తృప్తి! ఆ బొమ్మే పెద్దది చేసి, చెక్క ఫ్రేము కట్టించి పార్సిల్లో పెట్టాను. మీ పరిస్థితి తలుచుకుని నా తరఫున ఇస్తున్న కానుక.

వీడియో మొదట్లో అయ్యగారి పేరు మీద టైటిల్ ఒకటి వేద్దామనుకుంటున్నాను. ఆయన తేదీలు రెండూ రాసి పంపండి.

మీ విధేయుడు,
టేపుల డాక్టరు

తా.క.: స్వెట్టరు రహస్యం నా దగ్గర భద్రం. అయ్యగారి దగ్గర ఎత్తే రోజు నాకు ఇంకా చాలా ఏళ్ల దూరంలో ఉందని ఆశిస్తున్నాను.

మళ్ళీ తా.క.: అన్ని క్యాసెట్లలోనూ మైకు పక్కనే ఎవరో దగ్గడం, గొణగడం వినపడుతోంది. చాలా చికాకుగా ఉంది. నాలుగు రోజులు కూర్చుని పొల్లు లేకుండా తుడిచేశాను.

*

నాయనా డాక్టరూ,

ఆ ఫ్రేములో మీసాలాయన మా వంటింట్లో కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినాయన. కేకు కోస్తున్నారని తెలిసి ఉండిపోయాడు. తరవాత కుళాయి కారుతూనే ఉంది. పాతికేళ్ల తర్వాత అతన్ని తెచ్చి మా హాల్లో పెట్టుకోమంటావా?

బొమ్మలు బాగున్నాయి, కాదనను. ఒకటి తర్వాత ఒకటి తొమ్మిదీ చూశాను. పాప పాకుతుంది, నడుస్తుంది, కేకు మీద దీపాలు ఊదుతుంది. మధ్యమధ్యలో తలెత్తి కెమెరాకేసి చూసి నవ్వుతుంది. ఎవరేమన్నారని నవ్వుతోంది? ఎవరూ ఏమీ అనడం లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. నేను టీవీకి చెవి ఆనించి మరీ విన్నాను.

నాయనా, ఆ క్యాసెట్లు వాటంతటవే తయారయ్యాయనుకున్నావా? కెమెరా ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా? నువ్వు నాలుగు రోజులు కూర్చుని పొల్లు లేకుండా తుడిచేసిన ఆ దగ్గే మావారు. ఆ గొణుగుడే మావారు. దానికోసమే నేను క్యాసెట్లు పంపాను.

అడ్డం వచ్చే ఆవిడని నేనే. నన్ను తీసేస్తే తీసేశావు, నాకేం బాధ లేదు. ఆయన్ని మాత్రం తిరిగి పెట్టు. ఎక్కడ పారేశావో అక్కణ్ణుంచే ఏరి తీసుకురా.

నువ్వడిగిన తేదీలు రెండూ కింద రాశాను. దేనికో తెలియలేదు కానీ, అడిగావు కాబట్టి రాశాను.

ఇట్లు,
అడ్డం వచ్చిన ఆవిడ

తా.క.: ఫ్రేము మాత్రం చక్కగా ఉంది. మీసాలాయన్ని తీసి మా అమ్మాయి ఫోటో పెట్టాను.

*

అమ్మా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు షాపు తియ్యలేదు. తుడిచిన చప్పుడు నా దగ్గర లేదు. కంప్యూటర్లో చోటు చాలక, శుభ్రం చేసిన వెంటనే అసలు కాపీ చెరిపేస్తాను. ఇరవై ఏళ్లుగా నా పద్ధతి అదే. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి మంచి పద్ధతే అనుకున్నాను.

ఉన్న దారి ఒక్కటే. క్యాసెట్లు మళ్ళీ మొదటినుంచి నడపాలి. అక్కడే భయం. ఆ టేపు మీది పూత పాత గోడ సున్నంలా రాలుతోంది. మొదటిసారి నడిపినప్పుడే చాలా పోయింది. ఇంకొక్కసారి తట్టుకుంటుందేమో, అది కూడా అనుమానమే. మధ్యలో తెగితే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. బొమ్మలు ఎలాగూ మీ దగ్గర భద్రంగా ఉన్నాయి. క్యాసెట్లు అలాగే దాచుకుంటారా, తెగించి నడపమంటారా? మీరు సంతకం పెట్టి చెబితే గానీ చెయ్యి వెయ్యను.

ఇంకో సంగతి, అడగడానికి నోరు రావడం లేదు. మీరిచ్చిన తేదీల ప్రకారం అయ్యగారు ఇరవై ఆరో ఏట కాలం చేశారు. క్యాసెట్లు చూస్తే ఆ తర్వాత పదేళ్లకి తీసినవి ఉన్నాయి. మీ కుటుంబ విషయాలు నాకు అనవసరం. మనుషుల జీవితాల్లో ఏవేవో జరుగుతుంటాయి, నేను తప్పుపట్టను. కానీ నేను తిరిగి తీసుకురావలసిన దగ్గు ఎవరిదో కాస్త స్పష్టంగా చెబితే బాగుంటుంది.

తప్పు చేసిన,
టేపుల డాక్టరు

తా.క.: నాలుగేళ్ల కిందట పోయారన్నది రెండో ఆయన అయితే, దయచేసి ఆయన తేదీలు కూడా పంపండి.

*

నాయనా,

మావారు పోయారని నీకెవరు చెప్పారు? ఆయన ఇదిగో, నా ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. నేను ఎక్కడైనా ఆ మాట రాశానా? నీ మొదటి ఉత్తరంలో మనసు బరువెక్కిందంటే, పాపం సున్నితమైన మనిషి అనుకున్నాను.

నాలుగేళ్ల కిందట ఆయనకి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి నిక్షేపంగా ఉన్నారు, మాట లేదు, అంతే. నన్ను పిలవాలంటే చెంచాతో బల్లమీద కొడతారు. ఒక దెబ్బ అయితే కాఫీ, రెండు అయితే కళ్లజోడు, మూడు అయితే నా మీద కోపం.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. రెండో ఆయన తేదీలు దగ్గరికి వచ్చేసరికి పొట్ట పట్టుకుని నవ్వారు. కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వారు. ఒక్క చప్పుడు రాలేదు. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

నీకు ఒక నిజం చెబుతాను. ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు గొంతులు వినడమే నా పని. ఎవరు హలో అన్నా ఫలానా అని చెప్పేదాన్ని. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆయన గొంతు గుర్తు చేసుకుందామంటే రేడియోలో వార్తలు చదివే ఆయన గొంతు వస్తోంది. మనిషి పక్కనే ఉండగా ఆయన గొంతు మరిచిపోతున్నాను. ఆ మాట ఆయనతో ఎలా చెప్పను? చాలా భయంగా ఉంది నాయనా.

అందుకని తెగిస్తున్నాను. నడుపు. తెగితే నిన్ను ఏమీ అనను. కింద సంతకం పెట్టాను.

ఇట్లు,
ఒకే ఒక్క మొగుడున్న ఆవిడ

తా.క.: రెండో తేదీ మా పెళ్లి తేదీ. పుట్టడం తర్వాత మగవాడి జీవితంలో చెప్పుకోదగ్గ తేదీ ఇంకేముంటుంది?

*

అమ్మా,

అయ్యగారికి ముందుగా నా క్షమాపణలు చెప్పండి. బతికున్న మనిషిని రెండుసార్లు చంపిన పాపం నాది.

పని అయింది. ఎనిమిది క్యాసెట్లు ఎదురు తిరగకుండా నడిచాయి. ‘పాప మొదటి అడుగులు’ చివర్లో, స్వెట్టరు చేతులు అల్లుతుండగా పటుక్కున తెగింది. మీరు అడిగింది అప్పటికే ఎక్కేసింది. నడుస్తున్నంతసేపూ ఫ్యాను కూడా వేసుకోలేదు, నా ఊపిరి నాకే వినపడింది. ఈసారి ఏమీ తుడవలేదు, ఏమీ కొయ్యలేదు. దగ్గు, గొణుగుడు, అడ్డం రావడాలు అన్నీ ఎలా ఉన్నవి అలాగే పంపుతున్నాను.

అమ్మా, ఇరవై ఏళ్లలో నా చేతిమీదుగా ఎన్ని వందల ఇళ్ల క్యాసెట్లు వెళ్లాయో. ప్రతి ఇంట్లోనూ కెమెరా వెనక ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లందర్నీ తుడిచి, శుభ్రంగా ఉందని బిల్లు మీద రాసి పంపాను. వాళ్లలో ఎవరూ మీలా నాకు తిరిగి ఉత్తరం రాయలేదు. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది. ‘చప్పుళ్లు పూర్తిగా తొలగిస్తాం’ అని షాపు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉండేది. నిచ్చెన వేసుకుని నేనే గీకేశాను.

మీ విధేయుడు,
టేపుల డాక్టరు

తా.క.: ఒక విషయం ముందే చెప్పడం మంచిది. అయ్యగారు మాట్లాడింది ఎక్కువ లేదు. పాపని నవ్వించడానికి ఏవో పిచ్చి కూతలు కూశారు. మీతో అన్నది మాత్రం మొత్తం క్యాసెట్లలో ఒక్కటే మాట. ఆ మాట విని మీరు నొచ్చుకుంటారేమోనని నాకు భయంగా ఉంది.

*

టేపుల డాక్టరు గారికి,

ఈ చేతిరాత మీకు కొత్త. మీరు ఇరవై ఆరో ఏట ఒకసారి, నాలుగేళ్ల కిందట ఒకసారి చంపిన మనిషిని నేనే. ఆరోగ్యం బాగుంది. మా ఆవిడ లైబ్రరీకి వెళ్లిన సమయం చూసి రాస్తున్నాను. ఆవిడకి తెలియకూడదు.

నేను సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. దుర్భిణిలో కన్ను పెట్టి, ఎదురుగా కర్ర పట్టుకున్న మనిషిని అటు జరుగు, ఇటు జరుగు అనడమే ముప్పై నాలుగేళ్లు నా ఉద్యోగం. ఇంటికొచ్చి కెమెరా పట్టుకున్నా అలవాటు పోలేదు. మీరు చెప్పిన ఆ ఒక్క మాట ఏదో మీకు తెలుసు. ఆవిడ కేకు పళ్లెం పట్టుకుని వస్తుంది, “కాస్త పక్కకి జరుగు, పాప కనపడటం లేదు” అంటాను. పాప జుట్టు సరిచెయ్యడానికి వంగుతుంది, “జరుగు” అంటాను. నన్ను చూసి ఏదో చెప్పబోతుంది, “జరుగు జరుగు” అంటాను. తొమ్మిది క్యాసెట్లలో ముప్పై ఒక్కసార్లు. లెక్కపెట్టాను.

నిన్న సాయంత్రం ఇద్దరం కూర్చుని పెట్టుకున్నాం. నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఇంత సన్నగా ఉండేదా అనుకున్నాను. టీవీలోంచి “కాస్త పక్కకి జరుగు” అని వినపడింది. సోఫాలో నా పక్కన కూర్చున్న ఆవిడ చటుక్కున పక్కకి జరిగింది.

జరిగాక తనకే తెలిసి నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది. మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టమంది. ఆ గొంతు వింటే ఆవిడకి ఎంత సంతోషమో కళ్లారా చూశాను. నాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. అప్పట్లో ఆవిడకి ముప్పై ఏళ్లు. ఎంత బాగుండేదో! చేతిలో కెమెరా ఉంది, ఎదురుగా ఆవిడ ఉంది, పదేళ్లపాటు పక్కకి తోస్తూ వచ్చాను. నోరున్నన్నాళ్లూ ఆ ఒక్క మాటకే వాడాను.

అందుకని మీకు ఒక పని. ఆవిడ కెమెరా ముందుకి రావడానికీ, నేను నోరు తెరవడానికీ మధ్య రెండేసి, మూడేసి క్షణాలు ఉన్నాయి. వెనక్కి తిరిగి చూడటం, తడి చేతులు చీరకి తుడుచుకోవడం, ఒకచోట నన్ను వెక్కిరించడం ఉన్నాయి. మొదటిసారి మీరు పనికిరావని తీసేసిన ముక్కలు అవే. ఆ ముప్పై ఒకటీ ఏరి, వరుసగా కలిపి నాకు విడిగా ఇవ్వండి. నా గొంతు మొదలయ్యే ముందే కొయ్యండి. మీ చెయ్యి అందులో బాగా తిరిగింది కదా, ఈసారి మొహమాటపడకండి.

ఇట్లు,
కెమెరా వెనకాయన

తా.క.: అన్నీ కలిపినా రెండు నిమిషాలు కూడా రాదని నాకు తెలుసు. పొడుగు కోసం అవే ముక్కలు మళ్ళీ మళ్ళీ అతికించకండి. ఎంతుంటే అంతే పంపండి. మళ్ళీ మళ్ళీ నేను చూసుకుంటాను.