జిగురా, మరలా?

గిటార్ల మేస్త్రిగారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు. నేను బట్టలు కుడతాను, మా వీధిలో అందరికీ టైలరక్కని. ఈ ఉత్తరంతో పాటు వస్తున్నది మా గిటారు. అంటే, మెడ తప్ప మిగతా గిటారు. మెడ మా తమ్ముడి దగ్గరుంది.

ఆ మెడని వెనకనుంచి నాలుగు మరలతో బిగించి ఉంటారు. గిటారు మేమిద్దరం కలిసి కొనుక్కున్నాం. ఇద్దరం వాయిస్తాం, ఇద్దరం పాడతాం, ఇద్దరం పోట్లాడుకుంటాం. నేను పాటని పరిగెత్తిస్తానంటాడు వాడు. వాడు ఈడుస్తాడంటాను నేను. మాటా మాటా పెరిగితే వాడు నా మిషను సొరుగులోంచి నా స్క్రూడ్రైవరే తీసి, మెడ ఊడదీసి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోతాడు. ఇది మూడోసారి. ఇదివరకు వారానికో పది రోజులకో తెచ్చేవాడు. ఈసారి నాలుగు నెలలైంది.

అందుకని ఆ మరలు తీసిపారేసి, మెడని జిగురుతో శాశ్వతంగా అతికించెయ్యండి. రిపేరుంది, మెడ మీకు పంపమని వాడికి కార్డు రాశాను. జిగురు సంగతి రాయలేదు.

ఇట్లు,
టైలరక్క

తా.క. స్క్రూడ్రైవరు కూడా వాడే పట్టుకెళ్ళాడు. మిషను సూది మార్చాలన్నా పక్కింటి తలుపు తడుతున్నాను.

⁂

టైలరమ్మగారికి,

నమస్కారాలు. నా చేతులకి ఎప్పుడూ జిగురంటుకుని ఉంటుంది కాబట్టి ఉత్తరాలు మా ఆవిడ చదివి వినిపిస్తుంది. మీ ఉత్తరంలో రెండో కాయితం ముందు చేతికొచ్చింది. "మెడ ఊడదీసి, చంకలో పెట్టుకుని" అన్నచోట ఆగి, వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చి మిగతాది చదివింది.

అమ్మా, జిగురంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఒకసారి పట్టాక మనసు మార్చుకోవడం కుదరదు. ముందు రెండువైపులా రంగు గీకి ఒట్టి చెక్క తేల్చాలి, రంగు మీద జిగురు నిలవదు. మరల కన్నాల్లో చెక్క బిరడాలు కొట్టాలి. వంపు వెంట్రుకవాసి తప్పినా తీగలు పైకి లేచి వేళ్ళు కోసుకుపోతాయి. ఇంతా చేస్తే స్వరం బాగుపడుతుందనేవాళ్ళున్నారు. నేను మాత్రం ఆ మాట ఇవ్వను.

మీ తమ్ముడు పంపిన మెడేదీ ఇంతవరకు రాలేదు. కానీ ఎవరో బస్సు కండక్టరుగారి మెడ ఒకటొచ్చింది. "దీనికి చేత్తో తిప్పితే ఊడొచ్చే మరలు పెట్టండి, స్క్రూడ్రైవరు మాటిమాటికీ దొరకదు" అని చీటీ పెట్టారు. మీది అతకాలంటారు, ఆయనది ఇంకా సులువుగా ఊడాలంటారు. ఊరికే మీ గిటారుకి పెట్టి చూశాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మీవాడు పంపేలా లేడు కదా అని, అమ్ముతారేమో అడుగుతూ కండక్టరుగారికి కార్డు రాసేశాను.

ఇట్లు,
మేస్త్రి

తా.క. ఆయన మనసు కరుగుతుందని, మీ తమ్ముడు మీకు చేసిన అన్యాయం కూడా నాలుగు ముక్కలు రాశాను.

⁂

మేస్త్రిగారికి,

ఆ కండక్టరే మా తమ్ముడు.

మీ ఉత్తరం చదువుతూ మిషను తొక్కాను. ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్క కుట్టేశాను. ఇప్పుడది విప్పుతూ కూర్చున్నాను. చేత్తో ఊడొచ్చే మరలు కావాలా వాడికి? అంటే ముందు ముందు ఎన్నిసార్లు వెళ్ళిపోవాలనుకుంటున్నాడో మీరే చూడండి.

జవాబొచ్చిందా? అమ్ముతానన్నాడా? అన్నాడంటే నాకు చెప్పకండి. వద్దు, చెప్పండి. అమ్మేస్తాననేవాడి దగ్గర లాక్కుని నేను మాత్రం ఏ పాట పాడతాను? అప్పుడు అతికించొద్దు, రెండూ వాడికే ఇచ్చెయ్యండి.

ఇట్లు,
టైలరక్క

తా.క. నాలుగు ముక్కలు రాశానన్నారు. ఏ నాలుగు?

⁂

టైలరమ్మగారికి,

సోమవారం పొద్దున షాపు తెరిచేసరికి మీ తమ్ముడు నా కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డ్యూటీకి సెలవు పెట్టి వచ్చాడట.

"మెడ కావాలన్నావిడ ఎవరండీ?" అన్నాడు. అంటూనే బల్ల మీదున్నది చూశాడు. గొంతు తగ్గిపోయింది. "ఇది మా అక్కది. అంటే అక్క వేరేవాళ్ళ మెడ కొనుక్కుంటోందా? నాది అక్కర్లేదా?"

ఇద్దరి మెడా ఒకటేనని ఆయనకి ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆవిడ కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. అప్పుడు అడిగాను, ఊడొచ్చే మరలెందుకయ్యా అని.

"మెడ నా దగ్గరుంటే తిరిగిచ్చే వంకన వెళ్ళొచ్చు. ఉత్త చేతులతో వెళ్ళి తప్పయిందనడం నాకు చేతకాదండీ," అన్నాడు.

"మరి నాలుగు నెలలేం చేశావు?"

"ఈసారి నేనన్న మాటలకి మెడ ఒక్కటి సరిపోదనిపించింది."

మీకు చెప్పకుండా మీ రెండో ఉత్తరం చూపించాను. తప్పయితే క్షమించండి. చదివి మడిచి ఇచ్చేసి, చొక్కా చేతులు పైకి మడిచి, రంగు గీకడానికి తనే కూర్చున్నాడు. సాయంత్రానికి జిగురు పెట్టాం. నేను క్లాంపుతో అతుకు బిగిస్తుంటే ఆయన కదలకుండా పట్టుకున్నాడు. రేపటికి ఆరుతుంది. తనే తెచ్చి ఇస్తానన్నాడు.

ఇట్లు,
మేస్త్రి

తా.క. ఆ నాలుగు ముక్కలు ఆయనే బయటికి చదివాడు. "దుర్మార్గుడు" అన్నది కాస్త ఎక్కువైందని ఒప్పుకున్నాను. కాదు, సరిపోయిందన్నాడు.

⁂

మేస్త్రిగారికి,

అతుకు ఎక్కడో వేలికి తెలియడం లేదు. మీ చేతికి దణ్ణం.

బుధవారం తెచ్చాడు. గుమ్మంలోనే "తప్పయింది" అన్నాడు. నేనూ అన్నాను. ఇద్దరం ఒకేసారి అనడంతో ఎవరిదీ సరిగ్గా వినపడలేదు. రెండు పాటలు హాయిగా సాగాయి. మూడోదానికి మళ్ళీ పరిగెత్తడం, ఈడవడం. మాట పెరిగింది. వాడు గిటారు వెనక్కి తిప్పి చూశాడు. మరలు లేవు. గిటారు మొత్తం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇదివరకు సగం నా దగ్గరుండేది కనక, వాడే వస్తాడని కూర్చునేదాన్ని. ఇప్పుడు నా దగ్గరేం మిగల్లేదు. మర్నాడు షాపు మూసి నేనే బయల్దేరాను. వాడు వేరు కాపురం పెట్టిన ఆరేళ్ళలో ఆ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు. ఎప్పుడూ వాడే రావాలని పట్టుబట్టాను. ఎందుకో ఇప్పుడు గుర్తుకూడా లేదు.

మరదలు నన్ను చూసి చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "వదినా, ఈ నాలుగు నెలలూ తీగల్లేని మెడ ఒళ్ళో పెట్టుకుని దానిమీద వేళ్ళు ఆడించుకునేవారు. ఏం వాయిస్తున్నారో నాకెలా తెలుస్తుంది?" అంది. నాకు తెలుసు, మేం పోట్లాడుకున్న పాటే.

మూడు రోజులుగా ఇక్కడే ఉన్నాను. ఈ ఉత్తరం వాళ్ళ వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. గిటారు ఇకనుంచి రెండు వారాలు వాళ్ళింట్లో, రెండు వారాలు మా ఇంట్లో. తీర్పు మరదలిది.

ఇట్లు,
టైలరక్క

తా.క. ఉత్తరం పోస్టు చెయ్యకుండానే మా వంతు వచ్చింది. గిటారుతో వాడి బస్సే ఎక్కాను. అక్కనని కూడా చూడకుండా లగేజీ టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. కిటికీ పక్క సీటు మాత్రం మాకోసం ముందే ఆపి ఉంచాడు.