రబ్బరుకు నూనె

ఆగస్ట్ 24

మా స్పేర్ పార్టుల షాపు అటక మీద ఒక ట్రంకు పెట్టె దొరికింది. తెరిస్తే లోపలంతా పాత ఫియట్ పార్టులు. డిస్ట్రిబ్యూటర్ క్యాపులు, హారన్ రింగు, అడుగున బ్రేకు కిట్లు. ఒక్కటీ వాడినది కాదు. డబ్బాల రంగు వెలిసింది గానీ మూతల అతుకులు అతుకుల్లాగే ఉన్నాయి. మా మామ వెంకట్రాజం ఫియట్లు తిరిగిన రోజుల్లో తెచ్చి పెట్టుకున్న సరుకు. ఫియట్లు పోయాయి, మామ కూడా పోయాడు. సరుకు మాత్రం స్టేషన్ రోడ్డులో మా అటకెక్కి కూర్చుంది.

మల్లికార్జున్ చూసి, గీ చెత్తనంత పాత సామాన్లోనికి ఏసెయ్యరాదు శోభా, జర జాగ అన్న అయితది అన్నాడు. కట్టుకున్న మొగుడు కాబట్టి ఊరుకున్నాను. కొత్త కార్ల బంపర్లు తప్ప ఆయన కళ్లకు ఇంకేదీ పార్టు కాదు.

నేను పాత కార్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాను. అన్నం తినేలోపే పుణె నుంచి ఒకాయన మేడమ్ మేడమ్ అంటూ మొదలుపెట్టాడు. ఈ షాపులో నన్ను మేడమ్ అన్నవాడు ఇంతవరకు లేడు. బాగానే ఉంది.

సెప్టెంబర్ 3

అందరూ అడిగేది ఒకటే. సీల్ ఉందా? లోపలి పార్టు కంటే మూత మీద అతుకే వీళ్లకు ముఖ్యం. నేనూ ప్రతి ఫొటో కింద టైప్ చేస్తున్నాను. సీల్ తియ్యలేదు, గ్యారంటీ.

సెప్టెంబర్ 11

కాజీపేట నుంచి భానుచందర్ గారని ఒక పెద్దమనిషి వచ్చాడు. రిటైరైన లోకో పైలట్. పెళ్లయిన కొత్తలో కొన్న ఫియట్ చాలా ఏళ్లుగా తార్పాలిన్ కింద ఉందట. దాన్ని బాగుచేసి, సద్దుల బతుకమ్మకు భార్యను అందులోనే మరిపెడలో పుట్టింటికి తీసుకుపోవాలని పట్టుదల. బ్రేకుల రబ్బర్లు ఒక్కటే ఎక్కడా దొరకలేదట. బజార్లో దొరికే లోకల్ మాల్ మీద ఆయనకు నమ్మకం లేదు.

బ్రేకు కిట్ తెచ్చి ముందు పెడితే, సీల్ నీ చేతులతోనే తియ్యి బిడ్డా అన్నాడు. తీశాను. రబ్బరు కప్పులను వేళ్లతో నొక్కి చూసి, ఎంత మెత్తగున్నయో, నిన్న చేసినట్టే ఉన్నయి అని మురిసిపోయాడు. మా మామ దాచిన సరుకు సార్, మామూలుగా ఉంటదా అన్నాను. నాకూ గర్వంగా అనిపించింది.

టీ తాగుతూ పాత ముచ్చట్లు చెప్పాడు. స్టీరింగ్ పట్టుకుంటే ఫోన్ స్విచాఫ్ చేస్తాడట, ఇంజన్ ఎక్కిననాటి అలవాటట. అందుకు భార్య సావిత్రమ్మ రోజూ తిడుతుందట.

సెప్టెంబర్ 19

భానుచందర్ గారు వీడియో పంపాడు. ఫియట్ రైల్వే క్వార్టర్ల మధ్య తిరుగుతోంది. కిటికీలోంచి సావిత్రమ్మ గారు సిగ్గుపడుతూ చెయ్యి ఊపుతోంది. అత్తమ్మకు చూపించాను. మా అత్తమ్మ చిలుకమ్మ దేనికీ తొందరగా నవ్వదు. ఇది రెండుసార్లు పెట్టించుకుని చూసి నవ్వింది. మీ మామ ఉంటే ఎంత మురుస్తుండెనో అంది.

సెప్టెంబర్ 29, పొద్దున

మల్లికార్జున్ బండి తీసేలోపు రాస్తున్నాను.

దసరా కదా, షాపు దులుపుదామని ముందుగానే వెళ్లాను. వెనక గదిలో అత్తమ్మ ట్రంకు పెట్టె ముందు కూర్చుని ఉంది. బ్లేడుతో డబ్బా మూత అతుకు విప్పుతోంది. పక్కన గిన్నెలో ఉడికించిన మైదాపిండి. ఇంకో పక్కన ఇంజన్ ఆయిల్ డబ్బా, గుడ్డ. ఏం చేస్తున్నవ్ అత్తమ్మా అంటే, ఏటేట చేసేదే గదనే అంది. మామ పోయినప్పటి నుంచి ఆయుధపూజకు ముందు ప్రతి డబ్బా విప్పి, తుడిచి, తుప్పు పట్టకుండా ఆయిల్ రాసి, మళ్లీ మైదాతో అతికించి పెడుతోందట. ఎంత బాగా అతికించిందంటే, కంపెనీవాడి అతుకనుకుని నేను ఊరంతా గ్యారంటీలు ఇచ్చాను.

ఆమె చేతిలో బ్రేకు కప్పు ఉంది. ఆయిల్‌తో నిగనిగలాడుతోంది.

ఇంజన్ ఆయిల్ తగిలితే బ్రేకు రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. వేడికి ఇంకా ఉబ్బుతుంది. అప్పుడు తొక్కిన బ్రేకు వదలదు. స్పేర్ పార్టులు అమ్మేవాళ్లెవరికైనా తెలిసిన సంగతే. అన్నేళ్ల రబ్బరు రాయిలా ఉండాలి గానీ అంత మెత్తగా ఎందుకుందని ఆ రోజు నాకు తట్టలేదు. మేడమ్ అట, మేడమ్.

భానుచందర్ గారు మరిపెడ బయలుదేరేది ఈ రోజే. ఫోన్ స్విచాఫ్.

మల్లికార్జున్, ఏం గాదు, ఊకె ఫికర్ చెయ్యకు అన్నాడు. నేను తాళంచెవులు తీసుకున్నాను. నా మొహం చూసి లాక్కుని, తానే వస్తానన్నాడు.

అదే రోజు, సాయంత్రం

తొర్రూరు ఇంకా రాకముందే కనబడ్డారు. ఫియట్ రోడ్డు దిగి, ముళ్ల కంపలోకి సగం దూరి ఉంది. ముందు చక్రం నుంచి పొగ. భానుచందర్ గారు దాని మీద బాటిల్‌తో నీళ్లు పోస్తున్నాడు. సావిత్రమ్మ గారు పట్టుచీరలో రాయి మీద కూర్చుని ఉంది. ఒళ్లో తంగేడు పువ్వు మూట. నుదురు బొప్పి కట్టింది.

గూడ్సు బండిల బ్రేక్ బైండింగ్ అయి చక్రం పట్టేస్తే గిదే వాసనొస్తది అన్నాడాయన. వాసన పసిగట్టి స్లో చేశాడట. అంతలోనే ఒక చక్రం పట్టేసి, బండి ఎదురుగా వచ్చే ట్రాక్టర్ వైపు లాగిందట. స్టీరింగ్ బలంగా ఇటు తిప్పాడట. చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి గాలిలో స్టీరింగ్ తిప్పుతూనే ఉంది.

నన్ను ఒకటే అడిగాడు. సీల్ నువ్వే తీసినవ్ గద బిడ్డా. అవునన్నాను. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తిరిగి చక్రం మీద నీళ్లు పోయసాగాడు. తిడితే బాగుండు అనిపించింది.

వాళ్లను మా కారులో మరిపెడలో దింపాం. దారంతా సావిత్రమ్మ గారు ఆ మూట వదల్లేదు. దిగేటప్పుడు మాత్రం, మా తమ్మునికి గిదంత చెప్పకుండ్రి, ఇంకోసారి నన్ను గా కార్ల ఎక్కనియ్యడు అంది.

సెప్టెంబర్ 30

గ్రూపులో పెట్టాను. మా షాపులో కొన్న బ్రేకు కిట్లు ఎవరూ బిగించకండి, బిగిస్తే బండి బయటికి తియ్యకండి, సీల్ కంపెనీది కాదు అని. పుణె ఆయన ఫ్రాడ్ అని రాశాడు. కొన్నవాళ్లందరికీ విడివిడిగా ఫోన్లు చేశాను. ఒకాయన ఎంతకీ ఎత్తడు. మధ్యాహ్నానికి ఎత్తి, ఇంకా బిగించలేదన్నాడు. ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను.

మల్లికార్జున్ షాపు పేరు పోయిందని పొద్దంతా ముఖం ముడుచుకున్నాడు. చీకటిపడ్డాక గోడవైపు తిరిగి చెప్పాడు. నాయిన రబ్బర్లకు ఆముదం రాస్తుండెనట, దానికి రబ్బరు ఉబ్బదు. ఆ సీసా అయిపోయాక, నూనె కావాలె కొడుకా అని అత్తమ్మ అడిగితే, చేతికందిన ఇంజన్ ఆయిల్ డబ్బా ఇచ్చింది ఈయనేనట. అమ్మకు చెప్పకు అన్నాడు.

అక్టోబర్ 1

చెప్పాను. ఇంజన్ ఆయిల్‌తో రబ్బరు పాడయిందని అత్తమ్మకు చెప్పకపోతే వచ్చే ఏడు మళ్లీ రాస్తుంది. కొడుకు డబ్బా ఇచ్చిన సంగతి మాత్రం ఎత్తలేదు.

ముందుగా, గా సావిత్రమ్మకేం గాలే గదా అని అడిగింది. తర్వాత చేతులు చూసుకుంది. మీ మామ పోయేముందు మంచం మీదికెల్లి చెప్పిండు బిడ్డా, ఇనుముకు ఆయిల్ రాయి, రబ్బరుకు నూనె రాయి అని. నేను మరువలే. ఆయిల్ అంటే నూనెనే గదా అంది.



అక్టోబర్ 2, దసరా

రబ్బర్లన్నీ పారేశాను. అత్తమ్మ ఖాళీ డబ్బాలు అడిగి తీసుకుంది. మూతలన్నీ మైదాతో అతికించింది. ఒక్కో డబ్బాకు బొట్టు పెట్టింది. పైలంగా అటక మీద పెట్టు బిడ్డా అంది.

పెట్టాను.