ఒకే అడ్డగీత మీద మన ఊరు

సలాలా, ఒమన్

అన్నకు తమ్ముడు మల్లేశం దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేను బాగానే ఉన్నాను. అవ్వ అన్నం తింటోందా? వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారు? నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, సెలవు మీద ఊరికి వస్తున్న కాటారం రాజన్న చేతికి ఇది ఇస్తున్నాను. కోపమున్నా చివరిదాకా చదువు.

ఇక్కడ అరటితోటలో పని. అందరూ ఎడారి అంటారు గానీ ఇప్పుడు మన దగ్గరలాగే ముసురు పట్టింది. వచ్చిన కొత్తలో దిగులుతో ముద్ద దిగేది కాదు. అప్పుడు రాజన్న మా గది గోడకున్న ప్రపంచపటం మీద అడ్డంగా వేలు జరిపాడు. "గిది సలాలా. గీ అడ్డగీత పట్టుకొని సముద్రం దాటి సక్కగ పోతే మీ కొడకండ్ల. ఇంచుమించు ఒకటే గీత. ఏడుస్తవెందుకురా?" ఎంత సంబరపడ్డానో! ఒకే గీత మీద ఉన్నామంటే పొద్దు కూడా ఒకేసారి పొడుస్తుందనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

బాపు పోయాడని తెలిసిన రోజు యజమాని కాళ్లు పట్టుకున్నా పంపలేదు. నువ్వే అన్నావు, "పది గంటలకు దింపుడుకల్లం కాడ దించుతం. ఫోన్ బాపు చెవికాడ పెడ్త, నువ్వు సుత పిలువు" అని. పాడె దించి చెవిలో మూడుసార్లు పిలిస్తే లేస్తాడేమోనని మన ఆశ కదా. తోటలో సిగ్నల్ రాదు. ముందే రోడ్డు మీదికి వచ్చి నిలబడి, పది కాగానే చేశాను.

"ఇప్పుడు యాదికొచ్చిండారా బాపు?" అని పెట్టేశావు.

నాకేమీ అర్థం కాలేదు అన్నా. నువ్వు ఫోన్ పట్టుకుని పాడె దగ్గరే నిలబడ్డావని, పెద్దమనుషులు తొందరపెట్టినా చాలాసేపు కదలలేదని తర్వాత వదిన చెప్పింది. రాజన్న తల కొట్టుకున్నాడు. "అయ్యో పిచ్చోడా, పొద్దు సంగతి జెప్పేది నిలువుగీతలురా! పొద్దు ఆ గీతలు దాటుకుంట మీ దిక్కు నుంచే ఇటు వస్తది. మనకు పది కొడితే ఆడ పదకొండున్నర."

నువ్వు పెట్టేశాక కూడా ఫోన్ చెవికే ఆనించుకుని "బాపూ, బాపూ, బాపూ" అని పిలిచాను. అప్పటికి చితి అంటుకుని ఎంతసేపైందో.

తిట్టు అన్నా. ఫోన్ ఎత్తి తిట్టు. దగ్గరుంటే నాలుగు కొట్టేవాడివి, పడేవాణ్ణి. బాపు రుమాలు ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే, రాజన్న తిరిగొచ్చేటప్పుడు ఇచ్చి పంపు.

పెద్దలందరికీ దండాలు, పిల్లలకు ముద్దులు. అవ్వ కాళ్లు మొక్కానని చెప్పు. చిన్నకొడుకు పిలుపు వినకుండానే పోయాడని అవ్వ ఏడుస్తోందట. నేను పిలిచానని చెప్పు అన్నా, పిలిచాను కదా. ఎన్ని గంటలకో మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు,
మల్లేశం