నవ్వు చివరి కీచు

ప్రియమైన చిట్టికి,

ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క ముసలమ్మ తప్ప. కంగారుపడకు, మన వ్యాను సంగతే చెబుతున్నాను. కొన్నాళ్లుగా ఇంజనులో ఒక చప్పుడు. తలుపు అవతల ఎవరో పిడికిలితో మెల్లగా కొడుతున్నట్టు గుడగుడమంటోంది. మూడు లక్షల కిలోమీటర్లు దాటిన బండి, ఏ మూలో ఏదో ఒకటి కదలకుండా ఉంటుందా అని ఊరుకున్నాను. ఊరుకునే కొద్దీ పెరిగింది.

మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాను. సర్జన్ గుర్తున్నాడుగా, ఏ బండొచ్చినా కోసి చూద్దామంటాడని నువ్వే పెట్టావు ఆ పేరు. నేను చెప్పింది విన్నాడు, బానెట్ మీద చెయ్యి పెట్టాడు, "అడుగున బేరింగులు పోయాయి బాబాయ్. ఇంజను దింపాలి. ఆ ఖర్చు పెట్టే బదులు బండిని పాత ఇనుము కింద తూకానికి ఇచ్చెయ్. కొనేవాడున్నాడు, నెలాఖరు దాకా ఆగుతాడు" అన్నాడు. పక్క షెడ్డులో రేకులు బాదుతుంటే అతనికి మాత్రం ఏం వినిపించిందో.

బండి పోతే ఆస్పత్రి దుప్పట్లు తెచ్చి ఉతికిచ్చే పని పోతుంది. అది పోతే మన లాండ్రీకి మిగిలేది వీధిలో నాలుగు చొక్కాలు. ఇవన్నీ నీకు రాయకూడదనుకున్నాను. కానీ బండ్ల చదువు చదివేది నువ్వేగా.

మీ అమ్మ అయితే అది గుడగుడ కానే కాదంటుంది. సన్నగా కీచుమంటోందట, నువ్వు నవ్వితే చివర్లో వచ్చే కీచులాగా. నీ నవ్వులో కీచు ఎక్కడిదే? మీ అమ్మకి అన్నీ వినిపిస్తాయి.

ఫోను చెయ్యకు. అది సగం మాటలు మింగేస్తుంది. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకోవచ్చు.

ఉంటాను,
నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం వర్క్‌షాపులో, చేతికున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా చదివాను. అంచున మరకయింది, అలాగే దాచుకున్నాను.

నెలాఖరు దాకా బండి అమ్మకు. మా మేడమ్ మొదటి పాఠంలోనే ఏం చెప్పిందో తెలుసా? "చప్పుడుకి పేరు పెట్టందే పానా పట్టుకోవద్దు." అప్పట్నుంచి నేను చప్పుళ్ల పేర్లు పోగేస్తున్నాను. టకటక, గరగర, బుసబుస, కిర్రుకిర్రు, లొడలొడ. మన భాషలో ఇన్ని ఉన్నాయని ఇంజను విప్పేదాకా నాకు తెలీదు. ఒక్కో పేరూ ఒక్కో రోగం నాన్నా. టకటక అంటే పైన వాల్వుల దగ్గర చూడాలి. బుసబుస అంటే ఎక్కడో పొగ కారుతోంది. నీ గుడగుడ అడుగు నుంచి వస్తే మాత్రం సర్జన్ చెప్పింది నిజమవుతుంది. అది నిజం కాకూడదు.

అందుకని ఇవి చూసి రాయి. పొద్దున చల్లటి బండి స్టార్టు చేస్తే ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? దుప్పట్ల మూటలు నిండుగా వేసుకుని వంతెన ఎక్కేటప్పుడు పెరుగుతుందా? ఆయిలు ఎంత ఉంది, ఎర్ర లైటు వెలుగుతోందా? తర్వాత పొడుగు స్క్రూడ్రైవరు తీసుకుని, మొన ఇంజనుకి ఆనించి పిడి చెవికి పెట్టుకో. డాక్టరు గుండె చూసినట్టు ఒక్కోచోటా విను. తిరిగే బెల్టుకి మాత్రం దూరంగా ఉండు.

అమ్మ మాట కొట్టిపారెయ్యకు. నా నవ్వు సంగతి తర్వాత తేల్చుకుందాం.

నీ
చిట్టి

*

చిట్టి తల్లికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. చల్లటి బండిలోనూ అంతే, వేడెక్కినా అంతే. మూటలు నింపి వంతెన ఎక్కించాను, ఏం పెరగలేదు. ఆయిలు గీత దాకా ఉంది, ఎర్ర లైటు లేదు.

స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. మన వీధి టైలరు చూసి "ఏం బాబాయ్, బండికి జ్వరమా?" అన్నాడు. ఎక్కడ పెట్టినా ఒకటే గుడగుడ. పైనా అదే, కిందా అదే. మీ అమ్మేమో గుమ్మంలో రెండు చెవులూ మూసుకుని నిలబడింది. అంత నాటకం అక్కర్లేదన్నాను. ఆ పూట నాకు కాఫీ రాలేదు.

నిజం చెప్పాలంటే ముసలమ్మ ఈమధ్య నెమ్మదించింది చిట్టీ. ఒకప్పుడు బ్రేకు వేస్తే కేకలు పెట్టేది, ఇప్పుడు లేదు. మలుపు తిప్పేటప్పుడు ఇండికేటరు టిక్కుటిక్కుమనేది, అదీ మానేసింది, లైటు మాత్రం వెలుగుతుంది. వయసొచ్చి నోరు తగ్గించిందనుకున్నాను. ఇలా లోపల్లోపల ఏదో పెట్టుకుందని అనుకోలేదు.

కొనేవాడు వచ్చి బండి చుట్టూ తిరిగి, తలుపు మీద వేళ్లతో కొట్టి చూసి వెళ్లాడు. పుచ్చకాయ బేరం చేసినట్టు. నాకు బాగోలేదు.

నాన్న

*

ప్రియమైన నాన్నకు,

శుభవార్తలాంటిది. అడుగు బేరింగు పోతే, బరువు మోస్తూ ఎత్తెక్కేటప్పుడు చప్పుడు పెరగాలి. పెరగలేదన్నావు. ఆ మాట చదివి నేను బెంచీ మీద చరిస్తే పక్కవాళ్ల నట్లు దొర్లిపోయాయి.

మేడమ్‌కి నీ ఉత్తరాలు చదివి వినిపించాను. "ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబితే, ఒకరు అబద్ధమాడినట్టు కాదు. చెరో సగం విన్నట్టు" అంది. కాబట్టి ఈసారి స్క్రూడ్రైవరు అమ్మకివ్వు. జుట్టు ముడేసుకోమను. ఇంజను ముందు వైపు, బెల్టును బిగువుగా పట్టి ఉంచే చిన్న కప్పీ ఒకటుంటుంది, టెన్షనరు. దాని బోల్టు దగ్గర వినమను. తర్వాత సర్జన్‌ని ఇంటికి పిలిపించి, ఆ బెల్టు తీయించి, అర నిమిషం మాత్రం ఇంజను నడపండి. అంతకు మించొద్దు, నీళ్ల పంపు కూడా దాని మీదే తిరుగుతుంది. చప్పుడు పోతే రోగం ఇంజనులో లేనట్టే.

ముందు అమ్మకి సారీ చెప్పు. కాఫీ దానంతటదే వస్తుంది.

చిట్టి

*

మా ఇంజనీరు చిట్టికి,

ముసలమ్మ బతికింది!

మీ అమ్మ కప్పీ దగ్గర స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకోగానే "అమ్మో" అని గెంతింది. సర్జన్ మొహం ముడుచుకునే బెల్టు తీశాడు. స్టార్టు చేశాం. గుడగుడ లేదు. రోగమంతా ఆ చిన్న కప్పీలోనే. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆ ఎలుక నా గుప్పిట్లో పట్టేంత ఉంది.

సర్జన్ పాత కప్పీని వేలితో తిప్పి "వినండి, ఎలా ఏడుస్తోందో" అన్నాడు. మీ అమ్మ మొహం చిట్లించింది. నేనూ తలూపాను. కొత్తది వేశాక "ఆపరేషను తప్పిందిలే బాబాయ్" అన్నాడు, కొంచెం దిగులుగానే. కొనేవాడికి ఇక రావద్దని చెప్పేశాను.

గుడగుడ పోయింది. మీ అమ్మ తన కీచు కూడా పోయిందంటోంది. దాని సంగతి నాకు తెలీదు.

సంతోషంతో,
నాన్న

*

ప్రియమైన నాన్నకు,

బండి బతికిందని చదివి ఇక్కడ అందరికీ టీ ఇప్పించాను. తర్వాత గదికొచ్చి నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్లీ చదివాను. "నేనూ తలూపాను" అన్న దగ్గర ఆగిపోయాను.

నాన్నా, ఇండికేటరు టిక్కుమనడం మానలేదు. పోయినసారి నేను వచ్చినప్పుడు నీ పక్కనే కూర్చున్నాను, టిక్కుమంది. బ్రేకులు ఇప్పటికీ కేకలు పెడుతున్నాయని అమ్మ చెప్పింది. ఫోను మాటలు మింగడం లేదు. నేను నవ్వితే చివర్లో కీచు వస్తుంది, బడిలో అందరూ ఏడిపించేవాళ్లు. నా చిన్నప్పుడు నువ్వూ "నూనె వెయ్యాలి దీనికి" అని నా గొంతు నిమిరేవాడివి. నాకు బాగా గుర్తు.

లావు చప్పుళ్లు నీకు వినిపిస్తున్నాయి. సన్నవే జారిపోతున్నాయి. చప్పుడుకి పేరు పెట్టమంది మా మేడమ్, పెడుతున్నాను. కోప్పడకు. ఎక్కువ దూరం తిరిగిన బండిలో ఒక చిన్న భాగం అరిగింది, అంతే. ఇంజను దింపక్కర్లేదు.

దుప్పట్లు దించే ఆ ఆస్పత్రిలోనే చెవి డాక్టరు ఉంటారు. ఒక్కసారి మూట లేకుండా లోపలికెళ్లు నాన్నా.

ఎదురుచూస్తూ,
చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం మడిచి సీటు కింద పెట్టి చాలా రోజులు దాని మీదే కూర్చుని బండి తోలాను. కోపం కాదు. భయం. చెవులు పోయాయని కాగితం మీద పడితే బండి తోలనివ్వరేమో, అప్పుడు ముసలమ్మ బాగుండి ఏం లాభం అనుకున్నాను.

చివరికి వెళ్లాను. మూట లేకుండా వెళ్తే అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. డాక్టరమ్మ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమంది. బుద్ధిగా కూర్చున్నాను. ఎంతకీ ఏమీ రాదు. "ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అనడిగాను. "సగం అయిపోయిందండీ" అంది. మీ అమ్మ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

చెవి వెనక పెట్టుకునే చిన్న మిషను ఇచ్చారు. అది పెట్టుకుని నిక్షేపంగా తోలుకోవచ్చట, కాగితం కూడా రాసిచ్చారు. ఆస్పత్రి గేటు దాటి ఎడమకి తిప్పాను. టిక్కు. టిక్కు. టిక్కు. అలాగే ఎడమకీ ఎడమకీ తిప్పుకుంటూ పోయాను. మళ్లీ అదే గేటు ముందు తేలితే మీ అమ్మ "దారి తప్పారా?" అంది. లేదన్నాను. "ఇన్నాళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదావు, పాపం" అన్నాను. "పోన్లెండి, ఇకనుంచి మెల్లగా తిడతాను" అంది. అదీ వినిపించింది.

ఆదివారం ఫోను చెయ్యి. ఉత్తరాలు మాత్రం మానకు, నీ చప్పుళ్ల పేర్లు నాకు కావాలి. సర్జన్ మొన్న ఎవరి సైకిలు కోద్దామన్నాడో చెబుతాను. నవ్వుతావు. నేను మధ్యలో మాట్లాడను. చివరిదాకా వింటాను.

నీ
నాన్న