తువ్వాలు కింద చెయ్యి

హైదరాబాద్

ప్రియమైన బసవమ్మకు,

అక్షరాలు చూశావా? ఎవరిచేతా రాయించలేదు, నేనే రాశాను. వణుకు తగ్గడానికి మెదడులో పెట్టిన తీగలకు డాక్టరమ్మ బయటి నుంచే చిన్న మిషనుతో కరెంటు పెంచుతూ తగ్గిస్తూ చూస్తోంది. నిన్న ఒకచోట ఆపగానే చెయ్యి వణకడం మానేసింది. కాఫీ ఒలకలేదు. ఏడుపొచ్చింది నాకు.

మిరపకాయ దిగేనాటికి యార్డులో ఉంటాను. పోయినేడు తువ్వాలు కింద షావుకారు చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కి ధర చెబుతుంటే నా వేళ్ళు వణికాయి. అతను తక్కువ ధర అనుకుని సరేనన్నాడు. చెయ్యి కలిపాక మాట మార్చకూడదు కదా! సరుకు తెచ్చిన రైతు అంకమ్మరావు అదే తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ మొహం మర్చిపోలేకున్నాను.

నీ బుల్లయ్య

పెదకాకాని

ప్రియమైన శ్రీవారికి,

అచ్చం పెళ్ళికి ముందు రాసిన అక్షరాలే! పక్కింటి రహమతున్నీసాకి కూడా చూపించాను. అది సరే, ఫోన్ ఎత్తరేం? ఎప్పుడు చేసినా మీ చెల్లెలు ఎత్తి, "అన్నయ్య పడుకున్నాడు వదినా" అంటుంది. పగలు పడుకునే మనిషా మీరు? మీ కేకలు లేక ఇల్లు బావురుమంటోంది. యార్డు సంగతులు మీరొచ్చాక చెబుతాను.

మీ బసవ

హైదరాబాద్

బసవమ్మా,

ఇక దాచలేను. చెయ్యి వణుకు ఆగిన కరెంటుకే నా నాలుక మొద్దుబారింది. తాగినవాడిలా మాట ముద్దగా వస్తోంది. నీ పేరు కూడా పలకడం లేదు. కరెంటు తగ్గిస్తే మాట వస్తుంది, వణుకూ వస్తుంది. రెండూ కుదిరేలా డాక్టరమ్మ ఎన్ని విధాలుగానో తిప్పి చూసింది. చివరికి "ఏది కావాలి?" అనడిగితే చెయ్యి చూపించాను. మా బేరానికి నోటితో పనేముంది?

బుల్లయ్య

పెదకాకాని

ఏమండీ,

మీరు వెళ్ళిన కొద్దిరోజులకే యార్డులో తువ్వాలు బేరం ఆపేశారు. ఇప్పుడు ధరలన్నీ ఫోన్లలోనే వేస్తున్నారు. మీ కొట్లో పనిచేసే త్రినాథ్ వచ్చి, "పిన్నీ, బాబాయికి ఇప్పుడే చెప్పమాక, మనేద పెట్టుకుంటాడు" అన్నాడు. వాడి మాట విన్నాను. ముందే చెప్పి ఉంటే మీరు చెయ్యి చూపించేవారు కాదు.

వణికే చేతికి అన్నం కలిపి పెట్టడం నాకు అలవాటే. మీ మాట లేని ఇంట్లో ఉండటం మాత్రం నా వల్ల కాదు. నన్ను తిట్టడానికైనా గొంతు అడగండి.

బసవ

హైదరాబాద్

ప్రియమైన బసవమ్మకు,

ఈ వంకర అక్షరాలు చూశాక నీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలకే పొద్దంతా పట్టింది.

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టలేదు. నాకొచ్చిన విద్యంతా ఆ గుడ్డ కిందే ఉండిపోయింది. తర్వాత డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నోరు చూపించాను.

ఉత్తరం అందాక ఫోన్ చెయ్యి, నేనే ఎత్తుతాను. తిట్టనులే. యార్డు ఊసు మాత్రం ఎత్తకు. గొంతు ఇంకా జీరగానే ఉంది, కొన్ని మాటలు తడబడుతున్నాయి. నీ పేరు బాగానే పలుకుతోంది. పొద్దున గోడకేసి చూస్తూ పిలిచి చూసుకున్నాను.

నీ బుల్లయ్య