బడి వెనక గది

కంపెనీ సర్వేయరు గారికి,

నా ఒళ్ళో పెరిగినదానివే కాబట్టి ఆశీస్సులు కూడా. మీ అర్జీ నిన్న మా ఊరి కౌన్సిలు బల్ల మీదికొచ్చింది. బడి వెనక ఖాళీ స్థలంలో బావి తవ్వుతారట, లోపలికి మందునీళ్ళు తోసి రాయి పగలగొట్టి గ్యాసు లాగుతారట. కింద కొలతల దగ్గర సంతకం నీది. దస్తూరి మాత్రం ముత్యాల్లా ఉంది, నేర్పింది నేనే కదా.

"ఆరు వందల మీటర్ల హద్దు పెట్టాంగా, ఇదెలా కుదురుతుందయ్యా?" అని గుమాస్తాని అడిగాను.

"మేడమ్, మీరే 'మనుషులు కాపురముండే కట్టడం నుంచి' అని రాశారు. బడిలో ఎవరూ కాపురముండరు కదండీ," అన్నాడు, నెమ్మదిగా.

"అంతా నా మనవరాలి గడుసుతనం!" అని సభలో అరిచాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ నిబంధన రాయడానికి రెండేళ్ళు పట్టింది. పాకల్ని తలుచుకున్నాను, రేకుల షెడ్లని తలుచుకున్నాను, ముప్పై ఏడేళ్ళు పాఠాలు చెప్పిన బడిని మర్చిపోయాను. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు! ఇప్పుడు సవరిద్దామంటే, ముందే దాఖలైన అర్జీకి అది వర్తించదట. ఆ పిల్లలు తాగేది బడి బోరు నీళ్ళే. నాకు అన్నం సయించడం లేదు.

కోపంతో,
అమ్మమ్మ


ఒసే గడుసుపిండమా,

జవాబు అందింది. "ఉన్నది ఉన్నట్టు కొలవమని నేర్పింది నువ్వేగా అమ్మమ్మా, మళ్ళీ నన్నే తిడితే ఎలా?" అన్నావు. నా పాఠం నాకే అప్పజెప్పావు, భేష్. కానీ చిన్నప్పటి జబ్బు నీకింకా పోలేదు. ప్రశ్నపత్రం రెండో వైపు తిప్పవు. మా నిబంధనలో ఆఖరి వాక్యం చదివావా? "తవ్వకం మొదలుపెట్టే రోజున దూరం మళ్ళీ కొలవాలి." అదీ నేను రాసిందే. బుర్ర పూర్తిగా తుప్పు పట్టలేదు.

బడి వెనక కాపలాదారు గది ఉంది చూడు, ఆయన మానేశాక చీపుళ్ళూ చిరిగిన పటాలూ పడేసేది. నిన్న అందులోకి మారిపోయాను. పెద్ద టీచరమ్మ కాగితం మీద అనుమతి రాసిచ్చింది. ఒకప్పుడు నా దగ్గర గోడకుర్చీ వేసిన పిల్ల, కాదంటుందా?

మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. "ఈ వయసులో ఇదేం పిచ్చమ్మా? ఆ కిటికీకి రెక్క కూడా లేదు!"

"అందుకేనే, బావి తవ్వే చోటు బాగా కనిపిస్తుంది," అన్నాను.

నిజం చెప్పనా? భయంగానే ఉంది. నడుం పట్టేసింది, గదంతా సుద్దపొడి వాసన. అంతకంటే పెద్ద భయం, నువ్వు టేపు పట్టుకొచ్చి ఏం రాస్తావోనని.

కొత్త కాపురం నుంచి,
అమ్మమ్మ


బంగారుతల్లీ,

తవ్వకం మొదలుపెట్టే రోజని పొద్దున కొలతకొచ్చి నువ్వు వెళ్ళిపోయాక చాలాసేపు గడప మీదే కూర్చున్నాను.

మీ మేనేజరు తలుపు దగ్గర నిలబడి, "ఇదంతా నాటకమండీ, ముసలావిడ నాలుగు రోజులుండి పోతుంది. ఖాళీ గది అని రాసెయ్యమ్మా," అన్నాడు. నువ్వు లోపలికొచ్చి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశావు, వేడిగా ఉంది. మంచం కింద నా చెప్పులు చూశావు. గ్లాసులో నా పళ్ళసెట్టు చూసి నవ్వాపుకున్నావు, నేను గమనించాను.

"నిజంగా ఇక్కడే ఉంటావా అమ్మమ్మా?"

"బావి ఆలోచన మానేదాకా. తర్వాత ఇంకో బావి ఆలోచన వస్తే, దానికీ."

గడప నుంచి టేపు లాగావు. చివర పట్టుకోమని మేనేజరుకే ఇచ్చావు చూడు, అక్కడ నా మనవరాలివనిపించుకున్నావు! బావి గుర్తు దాకా రెండు వందల పధ్నాలుగు మీటర్లు. కింద "మనిషి కాపురముంది" అని రాసి సంతకం చేశావు. ఆయన ముఖం మాడిపోయింది. "రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు," అన్నాడు.

నీ కొలతని సభలో గడుసుతనమన్నాను కదా. వచ్చే సభలో అందరి ముందూ ఆ మాట వెనక్కి తీసుకుంటాను. గుమాస్తా చేత మినిట్సులో రాయిస్తాను.

ఉద్యోగం పోయిందని ఏడవకు. ఏడిచినా ఇక్కడికొచ్చి ఏడువు. చీపుళ్ళు తీసేసి రెండో మంచం వేయించాను. కిటికీకి రెక్క కావాలి, కొలత తీసేవాళ్ళు లేరు. టేపు కంపెనీది కాదుగా, తెచ్చుకో.

నీ కోసం పొయ్యి ఆర్పకుండా,
అమ్మమ్మ