ఎదురుకోళ్ల వేళ

ఢిల్లీ, ఫిబ్రవరి 1949

మా తమ్ముని ఇంటి దీపం సత్తెమ్మకు, నీ ఆడబిడ్డ దీవించి రాస్తున్నది.

నువ్వు రాయించిన ఉత్తరం సూర్యాపేట నుంచి నిన్న అందింది. "వదినె, సుగుణ పెండ్లికి తప్పకుండ రా. గని ఎదురుకోళ్లప్పుడు జర లోపట్నే ఉండు. మిర్యాలగూడెం మగపెండ్లోళ్లు పట్టింపు మనుషులు. ముత్తయిదువలే ఎదురు రావాలంటున్నరు" అన్నావు. పెండ్లి అక్కడి మన ఇంట్లో, పీటల మీద కూర్చునేది నువ్వూ తమ్ముడూ; నిన్ను తప్పుపట్టను.

పెద్ద వదిన పోయినప్పటి నుంచి అన్న ఇల్లూ, ఆయన బిడ్డ సుగుణ పెంపకమూ నా చేతిలోనే ఉన్నాయి. అన్న మంత్రి అయ్యాక, ఈ బంగళాకు ఏ దేశపు రాయబారి వచ్చినా గుమ్మంలో దండం పెట్టి దండ వేసేది నేనే. నా తెల్లచీర చూసి ఇంతవరకూ ఎవరూ వెనుదిరగలేదు.

అయినా లోపలే ఉంటాను. ఒక్కటి మాత్రం కాదనకు. పెళ్లినాడు సుగుణ తల నన్నే దువ్వనివ్వు. ఆరేళ్ల వయసు నుంచి దానికి నా చేతి జడే అలవాటు. చుట్టాలు లేవకముందే వెనుక గదిలో అల్లేసి పక్కకు తప్పుకుంటాను. పూలు నువ్వు పెట్టు.

నీ ఉత్తరం అన్నకు చూపించాను. రెండుసార్లు చదివి, మడిచి నా చేతికిచ్చాడు. "చెల్లె, సాయంత్రం విదేశపోళ్లు వస్తున్నరు. గడపకాడ నువ్వుంటవు గద?" అన్నాడు.

ఉంటానన్నాను.

వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. ఇక ఆపుతాను, ఎదురు వెళ్లాలి.